వచ్చే వసంతంలో ఇల్లు మారే బెంగ లేదు

(ఒక గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి లాక్కుంటాను.

ఇవాళ నేను చెప్పబోయే మనిషి పేరు యురయా ఒబ్లింజర్. ఈ పేరు మీరు విని ఉండరు, అమెరికాలోనూ చాలామంది విని ఉండరు. 1842లో పుట్టి 1901లో పోయాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన మామూలు సైనికుడు. యుద్ధం అయ్యాక ఇండియానా రాష్ట్రంలో కౌలు సేద్యం చేశాడు. ముప్పై ఏళ్ళ వయసులో ప్రభుత్వం ఇచ్చే భూమి కోసం నెబ్రాస్కా వెళ్ళాడు. అంతే. ఇలాంటివాళ్ళు ఆ రోజుల్లో లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో ఇతన్నే పట్టుకుని గంటసేపు ఎందుకు మాట్లాడాలి అంటే, ఈ ఇంట్లోవాళ్ళు రాసుకున్న ఉత్తరాలు మిగిలాయి. దాదాపు 3,000 పేజీలు. నెబ్రాస్కా రాష్ట్ర చారిత్రక సంఘం వాటిని దాచింది. తర్వాత వాటి ప్రతులు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ద్వారా ఇంటర్నెట్లోకి వచ్చాయి. 1862 నుంచి 1912 వరకు అని ఆ సేకరణ మీద రాసి ఉంటుంది. మీ ఫోన్లో ఇప్పుడే తెరిచి చదువుకోవచ్చు. ఇప్పుడే తెరవకండి, నా మాట ఎవరూ వినరు. (నవ్వులు)

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక కొక్కెం తీగ ఉండేది. చదివేసిన కార్డులూ కవర్లూ దానికి గుచ్చేవాళ్ళు. తీగ నిండగానే ఎవరో ఒకరు తీసి పొయ్యిలో పెట్టేవాళ్ళు. ఆ అలవాటు మనందరికీ తెలుసు. అందుకే ఒక మామూలు రైతు ఇంటి ఉత్తరాలు నూటయాభై ఏళ్ళు నిలిచాయంటే నాకు మొదట నమ్మకం కలగలేదు. చదవడం మొదలుపెట్టాక ఇంకో సంగతి తట్టింది. ఈ మొత్తం చదవడానికి అదే తాళం చెవి అనుకుంటున్నాను.

మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో ఉంటే ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోరు కదా. అంటే ఈ కట్టలో భార్యాభర్తల మాటలు దట్టంగా ఉన్నచోట వాళ్ళు విడిగా ఉన్నారన్నమాట. ఆ మాటలు ఆగిపోయిన చోట కలిసి ఉన్నారు. వాళ్ళ కాపురంలోని మంచి రోజులు మనకి భార్యాభర్తల ఉత్తరాల్లో దొరకవు. పుట్టింటికి ఆమె రాసిన ఉత్తరాల్లో పక్కనుంచి తొంగి చూడాలి.

ఆమె పేరు మార్తా వర్జీనియా థామస్. అందరూ మ్యాటీ అనేవాళ్ళు. 1869లో పెళ్ళి. ఎల్లా అని కూతురు పుట్టింది. సొంత పొలం లేదు. ఇండియానాలో భూమి ధర పెరిగిపోయింది. ఒకరి పొలం దున్ని పంటలో సగం వాళ్ళకి కొలవడం, ఏడాది తిరిగేసరికి ఇంకో పొలం వెతుక్కోవడం. మన దగ్గర కౌళ్ళు ఉగాదికి మారినట్టు, అక్కడ మార్చి మొదట్లో మారేవి. వసంతం వస్తోందంటే కౌలుదారు ఇంట్లో సామాను సర్దడమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1862 మే 20న అబ్రహాం లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవాళ్ళో, ఇంటి పెద్దలో అర్జీ పెట్టుకుంటే 160 ఎకరాలు. ప్రభుత్వం మీద ఆయుధం ఎత్తి ఉండకూడదు. ఐదేళ్ళు అక్కడే కాపురం ఉండి సాగు చేసి చూపించాలి. ఖర్చు అంతా కలిపి 18 డాలర్లు. 160 ఎకరాలు అనగానే మీ ముఖాలు మారాయి, నాకు కనిపిస్తోంది. మన లెక్కలో అది దొర భూమి. కానీ అది వానాధారం. చెట్టు లేదు, నీళ్ళ కోసం ఎంత లోతు తవ్వాలో తెలీదు, పక్కింటివాడు మైలు దూరంలో ఉంటాడు. కూలి మనిషి దొరకడు. ఒక్కడు రెండు గుర్రాలతో ఎంత దున్నగలడో అంతే అతని పొలం, మిగతాది చూసుకోవడానికే.

సైనికులకి 1872లో ఇంకో సౌకర్యం వచ్చింది. ఎన్నేళ్ళు సైన్యంలో చేశారో అన్నేళ్ళు ఆ ఐదేళ్ళలోంచి తీసేస్తారు. నాలుగేళ్ళు చేసినవాడికి ఏడాది కాపురం చాలు. పైగా రైలు కంపెనీలకి ఇచ్చిన పట్టీల మధ్య ఉన్న ప్రభుత్వ భూముల్లో మామూలు మనిషికి 80 ఎకరాలే ఇచ్చేవాళ్ళు, సైనికుడికి 160 ఇచ్చారు. రైలు దగ్గర భూమి అంటే మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ధాన్యం బండి మీద రెండు రోజులు తోలాలా, రెండు గంటలు తోలాలా అన్న తేడా. 1872 చివరిలో ఒబ్లింజర్ బండి కట్టుకుని బయలుదేరాడంటే ఆ తేదీ ఊరికే రాలేదు.

అతనితో పాటు ఇద్దరు బావమరుదులు, గైల్స్, శామ్ వెళ్ళారు. మ్యాటీ, పాప ఇండియానాలోనే పుట్టింట్లో ఉండిపోయారు. నెబ్రాస్కాలో ఫిల్మోర్ కౌంటీలో భూమి చూసుకుని అర్జీ పెట్టాడు. ఆ చలికాలం అంతా అతను భార్యకి రాసిన ఉత్తరాలే. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. అక్కడ నిలబడితే చూపు ఎంతదూరం పోవాలనుకుంటే అంతదూరం పోతుందనీ, కనిపించేదంతా నాగలికి వచ్చే నేలే అనీ రాశాడు. రాళ్ళు తీయక్కర్లేదు, మొద్దులు పెకలించక్కర్లేదు. అడవి కొట్టి పొలం చేసిన ఇండియానా వాడికి అదొక అద్భుతం. అయితే ఇందులో కొంచెం వ్యాపారం కూడా ఉంది. మ్యాటీని రమ్మని ఒప్పించాలి కదా. ఉత్తరం చదివేటప్పుడు, ఇది ఎవరికి రాశాడు, వాళ్ళతో ఏం పని ఉండి రాశాడు అని ఓ కన్నేసి ఉంచాలి. అతను అబద్ధం చెప్పాడనను. పెళ్ళిచూపుల్లో మాట్లాడే నిజాల్లాంటివి చెప్పాడు.

1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. ఉరుముల వానగా మొదలై మంచు తుఫానుగా మారింది. మూడు రోజులు వదల్లేదు. నెబ్రాస్కాలో తరాలపాటు దాన్ని ఈస్టర్ తుఫాను అనే చెప్పుకున్నారు. మంచు దూదిలా రాలడం వేరు, ఇది పిండిలా సన్నగా గాలిలో కొట్టుకొచ్చి కళ్ళలో, ముక్కులో, పశువుల నోళ్ళలో కూరుకుపోయింది. గుర్రాలనీ ఆవులనీ ఇళ్ళలోకి తోలుకుని, మనుషులు వాటి పక్కనే పడుకున్నవాళ్ళున్నారు. ఆ తుఫాను గురించి కూడా అతను ఇంటికి రాశాడు. అప్పటికి మ్యాటీ రావడానికి నెలే ఉంది. నేనైతే దాచేవాణ్ణి. అతను దాచలేదు.

మే నెలలో మ్యాటీ, పాప రైల్లో వచ్చారు. జూన్ 16న ఆమె పుట్టింటివాళ్ళకి రాసిన ఉత్తరం ఈ మొత్తం సేకరణలో అందరూ ఎక్కువగా చెప్పుకునేది. మొదలే ఎంత ఠీవిగా ఉంటుందో. మా సొంత ఇంట్లో ఉన్నాం, అదీ మట్టిల్లు అంటుంది.

మట్టిల్లు అంటే మన మట్టి గోడల ఇల్లు అనుకోకండి. గోడ పెట్టడానికి మనం మట్టి తొక్కి, తడిపి, వరస మీద వరస వేస్తాం. అక్కడ మట్టి కలిపే పని లేదు. ఆ గడ్డి నేల ఎన్ని వందల ఏళ్ళ నుంచి దున్నకుండా ఉందో, వేళ్ళు ఒకదానితో ఒకటి అల్లుకుని చాపలా బిగిసిపోయి ఉంటాయి. కొన్ని రకాల గడ్డి వేళ్ళు పది అడుగుల లోతుకి పోతాయి. దాన్ని ప్రత్యేకమైన నాగలితో అడుగు వెడల్పు, నాలుగు అంగుళాల మందం పట్టీలుగా కోసి, పారతో రెండు మూడు అడుగుల ముక్కలు చేస్తారు. గడ్డి ఉన్న వైపు కిందికి పెట్టి ఇటుకల్లా పేరుస్తారు. మామూలు ఇంటికి అరెకరం నేల మీది పొర పట్టేదట. దీనికి నెబ్రాస్కా పాలరాయి అని ముద్దుపేరు పెట్టుకున్నారు. గోడ రెండు మూడు అడుగుల మందం ఉండేసరికి ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. వాన పడితే మాత్రం పైకప్పు కారుతుంది. బయట వాన ఆగిపోయాక కూడా లోపల రెండు రోజులు బురద చుక్కలు పడుతూనే ఉంటాయి. పాములు గోడల్లోంచి వస్తాయి. వంట చేస్తున్న ఇల్లాలు పొయ్యి మీద గొడుగు పట్టుకున్న కథలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. పొయ్యిలోకి కట్టెల్లేవు, పిడకలే. మొదట్లో అడవిదున్నలవి ఏరుకున్నారు, తర్వాత ఆవులవి. అవీ లేనప్పుడు ఎండుగడ్డి మెలేసి తోసేవాళ్ళు.

మ్యాటీ ఇంటికి ఇంకా గచ్చు లేదు, అది ఒక్కటే లోటు అంటుంది. తర్వాత వచ్చే మాటలు నా తెలుగులో చెప్తాను. మట్టిల్లులో ఉన్నాం కాబట్టి అవస్థ పడుతున్నామని మీరనుకుంటారేమో, ఒట్టు, ఇంత హాయిగా నేనెప్పుడూ లేను. కొత్త మోజు అంటావేమో జార్జ్, కాదు. మా చోట మేమున్నాం. వచ్చే వసంతంలో ఇల్లు మారాలన్న బెంగ లేదు. వేసే ప్రతి దెబ్బా మా కోసమే, అందులో సగం ఇంకొకరికి పోదు. ఇన్నాళ్ళూ కౌలుకి బతికిన మాకు ఇది ఎంత ఊరటో. ఇక్కడ కౌలుదారులే లేరు, ఎవరి చోట వాళ్ళున్నారు.

అసలు ప్రతిలో ఈ వాక్యాలకి చుక్కల్లేవు. ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వస్తాయి. స్పెల్లింగులు తప్పు. అచ్చులోకి ఎక్కించినవాళ్ళు వాటిని దిద్దకుండా అలాగే ఉంచారు, వాళ్ళకి దండం పెట్టాలి. ఆ ఊపు దిద్దితే పోయేది.

కౌలు రైతు బాధ తెలిసిన ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఈ ఉత్తరానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అమెరికాలో ఈ వలసల మీద వచ్చిన సినిమాల్లో తుపాకులు ఎక్కువ. ఈ 3,000 పేజీల్లో మనసు కొట్టుకునేది మాత్రం, పంట మనదా, సగం మనదా అన్న దాని చుట్టూ.

అదే నెబ్రాస్కాలో ఇంకో పదమూడేళ్ళకి, 1886లో, సాలమన్ బుచర్ అనే ఆయన కస్టర్ కౌంటీలో ఇంటింటికీ తిరిగి ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. దాదాపు 3,000 గాజు పలకలు. ఒబ్లింజర్ ఉత్తరాలనీ ఆ ఫొటోలనీ కలిపే ఇంటర్నెట్లో పెట్టారు. ఇతన్ని చదువుతూ, వాటిని చూడాలి. జనం ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. గుర్రాల్ని తెచ్చి నిలబెడతారు, పుచ్చకాయ కోసి బల్ల మీద పెడతారు. ఒక ఫొటోలో ఒక కుటుంబం తమ హార్మోనియం లాంటి పెద్ద ఆర్గన్‌ని ఆరుబయటికి మోయించుకుని దాని పక్కన నిలబడింది. ఇల్లు మాత్రం ఫొటోలో పడనివ్వలేదు. ఆ ఇంటావిడకి తన మట్టిల్లు ఊళ్ళోవాళ్ళకి కనబడటం ఇష్టం లేదు. మ్యాటీ ఏమో అదే ఇంటిని ఉత్తరం మొదట్లోనే చెప్పుకుంది. ఇద్దరినీ అర్థం చేసుకోగలను నేను.

ఇక్కడ ఒక మాట. ఈ భూమి ఖాళీగా పడి ఉన్నది కాదు. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న నేల పానీ తెగవాళ్ళది. 1833 ఒడంబడికలో వాళ్ళు దాన్ని వదులుకున్నారు. తర్వాత లూప్ నది ఒడ్డున చిన్న రిజర్వేషన్లో, అంటే వాళ్ళ తెగకని విడిగా కేటాయించిన నేలలో, ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది కుర్రాళ్ళు పానీ స్కౌట్లుగా అమెరికా సైన్యంలో పనిచేశారు, రైలు పట్టాలు వేస్తున్నప్పుడు కాపలా కాశారు. అంటే వాళ్ళూ సైనికులే. మ్యాటీ ఆ ఉత్తరం రాసిన రెండు నెలలకి, 1873 ఆగస్టు 5న, అదే రాష్ట్రంలో వేటకి వెళ్ళిన పానీల మీద లకోటాలు అనే ఇంకో తెగవాళ్ళు దాడి చేసి చాలామందిని చంపేశారు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కువ. 1875 కల్లా పానీలు నెబ్రాస్కా వదిలి, ఇప్పుడు ఓక్లహోమా అంటున్న ప్రాంతానికి వెళ్ళిపోయారు. ఒక సైనికుడికి 160 ఎకరాలు, ఇంకో సైనికుడికి ప్రయాణం. ఒబ్లింజర్ మీద నాకు కోపం లేదు. సొంత నేల కోసం తపించిన మనిషి. అయినా మ్యాటీ ఉత్తరం చదివి కళ్ళు చెమర్చినప్పుడల్లా ఈ రెండో సంగతి కూడా పక్కన పెట్టుకుంటాను.

1874 జులైలో మిడతలు వచ్చాయి. రాకీ కొండల మిడత అని ఒక జాతి. ఎండ మీదికి మబ్బు వచ్చినట్టు వచ్చి దిగేవి. మొక్కజొన్న ఆకు, కండె, కాడ అన్నీ పోయేవి. ఉల్లిగడ్డల్ని భూమిలోపలికి దూరి తిని పై పొర వదిలేసేవి. చెమట పట్టిన పనిముట్ల పిడులు, గుర్రం జీను తోలు కొరికేవి. మరుసటి ఏడు నెబ్రాస్కాలో ఒక డాక్టరు టెలిగ్రాములు పంపించి కనుక్కుని, ఒక దండు 110 మైళ్ళ వెడల్పు, 1,800 మైళ్ళ పొడవు ఉందని లెక్క కట్టాడు. 1875 ఫిబ్రవరిలో కాంగ్రెస్ సహాయానికి 1,50,000 డాలర్లు మంజూరు చేసింది. సైన్యం గోదాముల్లో మిగిలిపోయిన పాత కోట్లు, బూట్లు రైతులకి పంచారు. పదేళ్ళ కిందట యుద్ధం అయ్యాక విప్పేసిన నీలం కోటు మళ్ళీ తొడుక్కున్న సైనికులు ఆ చలికాలంలో ఎంతమందో. ఆ మిడత జాతి తర్వాత ముప్పై ఏళ్ళలోపే భూమ్మీద లేకుండా పోయింది. బతికున్నదాన్ని చివరిసారి పట్టుకున్నది 1902లో. ఎందుకు పోయిందంటే, అవి గుడ్లు పెట్టే కొండలోయల్ని రైతులు దున్నేశారని చాలామంది అంటారు.

అన్నీ తట్టుకుని ఏడేళ్ళు ఉన్నారు. 1880 ఫిబ్రవరిలో మ్యాటీ కాన్పులో చనిపోయింది.

దీని గురించి నేను ఎక్కువ మాట్లాడను. చిన్నపిల్లలు తల్లి లేనివాళ్ళయ్యారు. మ్యాటీ చేతిరాత అక్కడితో ఆఖరు. కాలక్రమంలో చదువుకుంటూ వచ్చినవాళ్ళకి ఆ మలుపు ముందే తెలిసినా సరే, తేదీలు 1880 దగ్గరికి వస్తుంటే పేజీ తిప్పబుద్ధి కాదు.

యురయా మిన్నెసోటా వెళ్ళాడు. 1881లో లారా బేకన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాత ఉత్తరాల పైన ఉన్న ఊళ్ళ పేర్లు చూస్తే తల తిరుగుతుంది. మిన్నెసోటా, నెబ్రాస్కా, కాన్సస్, మిస్సోరీ. మళ్ళీ విడివిడిగా ఉండడాలు, మళ్ళీ ఉత్తరాల కట్టలు. వచ్చే వసంతంలో ఇల్లు మారే బెంగ లేదు అని రాసిన ఇంట్లో ఇలా జరిగింది. హోమ్‌స్టెడ్ చట్టం కింద మొత్తం మీద దాదాపు 16 లక్షల పట్టాలు ఇచ్చారు, 27 కోట్ల ఎకరాలు. ఆ అంకెలు చెప్పడానికి బాగుంటాయి. పట్టా వచ్చాక ఆ పొలం ఎన్నేళ్ళు ఆ ఇంట్లో నిలిచింది అన్నది ఇలాంటి ఉత్తరాలు చదివితేనే తెలుస్తుంది.

ఇలాంటి మనిషిని వెతకాలనుకునేవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి చెప్తాను, ఇక్కడ చరిత్ర చదివే పిల్లలు ఉన్నారు కాబట్టి. అమెరికాలో అప్పటి సైనికుడు ముగ్గురు గుమాస్తాల చేతుల్లో పడతాడు. ఒకడు సైన్యం హాజరు పట్టీ రాసేవాడు, ఒకడు భూమి ఆఫీసువాడు, ఒకడు పింఛను ఆఫీసువాడు. భూమి దస్త్రంలో చివరి రుజువు అని ఒక కాగితం ఉంటుంది. ఇల్లు ఎన్ని అడుగులు, కిటికీలు ఎన్ని, ఎన్ని ఎకరాలు దున్నాడు, బావి ఉందా, అన్నీ చెప్పాలి. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు సాక్ష్యం పెట్టాలి. మన ఊళ్ళో అడంగల్ నకలు చూసి అలవాటైన కళ్ళకి అది బాగా అర్థమవుతుంది. పింఛను దస్త్రం ఇంకా గొప్పది. 1890లో చట్టం సడలించి, యుద్ధంలో గాయపడకపోయినా సరే, 90 రోజులు పనిచేసి ఇప్పుడు ఒంట్లో ఓపిక లేనివాడికి పింఛను ఇచ్చారు. దాంతో లక్షల మంది తమ కీళ్ళనొప్పులు, ఆయాసం, చూపు మందగించడం డాక్టరు ముందు వివరంగా చెప్పుకున్నారు. ఆ దస్త్రాలు వాషింగ్టన్లో జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. కానీ వాటన్నిట్లో మనిషి అర్జీదారుగా మాట్లాడతాడు, చేతులు కట్టుకుని. ఉత్తరంలో అలా ఉండదు.

ఏమండీ? ఆ... ఈ అమ్మాయి అడుగుతోంది, ఆ మట్టిల్లు ఇప్పుడు చూడొచ్చా అని. మట్టిల్లు ఆరేడేళ్ళు నిలిస్తే గొప్పమ్మా. కలప కొనే డబ్బు రాగానే చెక్క ఇల్లు కట్టుకునేవాళ్ళు, పాతదాని మీద వాన పడీ పడీ ఎక్కడి మట్టి అక్కడే కలిసిపోయేది. నువ్వు చూడాలంటే జూన్ 16 ఉత్తరం చూడు. గచ్చు లేదు అన్న చోట ఆగి, ఆ తర్వాత ఆమె ఏమంటుందో నిదానంగా చదువు. ఇంగ్లీషు స్పెల్లింగులు చూసి కంగారు పడకు, పైకి చదివితే అన్నీ అర్థమవుతాయి.